తుపానుకు తేదీ ఉంటుంది

గాలివానకు బెదరని తీరం భోగాపురానిది. అలాంటి తీరాన్ని విమానాశ్రయం కబురు ఎందుకంత అలసటకు గురిచేసింది?

బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందన్న కబురు రాగానే భోగాపురం తీరంలోని ముక్కాం, చేపలకంచేరు లాంటి ఊళ్ళలో పనులు మొదలవుతాయి. తెప్పల్ని, ఫైబరు పడవల్ని ఇసుక మీద పైకంటా లాగుతారు. ఇంజన్లు విప్పి ఇళ్ళకు మోసుకుపోతారు. తడి వలలు దులిపి మడిచి గట్టు చేరుస్తారు. పాక కూలితే పశువు దాని కింద పడి చావకుండా పలుపులు విప్పేస్తారు. బియ్యం, అగ్గిపెట్టె, ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకం ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి దూలానికి కడతారు. భీమిలి, కళింగపట్నం రేవుల్లో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో చిన్న గుంటడిని అడిగినా చెబుతాడు. భయం ఉండదని కాదు. చేతికి పని ఉంటుంది, నెత్తి మీద గడువుంటుంది. ఈ రెండూ ఉన్నచోట భయం తన హద్దులో తానుంటుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. విశాఖ విమానాశ్రయం పైకప్పునే చీల్చిపారేసిన గాలి అది. ఈ ఇసుక నేలల్లోని కొబ్బరి, జీడిమామిడి, సరుగుడు దానికి ఒక లెక్కా? అయినా గాలి వెలిశాక జనం గొడ్డళ్ళు పట్టుకుని తోటల్లోకి నడిచారు. పడినదేదో, నిలిచినదేదో కళ్ళెదుట ఉంది. పడినదాన్ని నరికి అమ్మాలి, నిలిచినదానికి మట్టి ఎగదోయాలి.

ఆ మరుసటి ఏడాదే ఇదే తీరానికి ఇంకో కబురొచ్చింది. భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయం కడతారట. ఆ కబురు ఎప్పుడు తీరం దాటుతుందో ఏ వాతావరణ కేంద్రమూ చెప్పలేదు.

ఎన్నెకరాలు, ఎవరివి?

విమానాశ్రయం కావాలనడానికి కారణాలు లేకపోలేదు. విశాఖలో ఇప్పుడున్నది నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో ఒక భాగం. పౌర విమానాలకు అక్కడ వేళలూ హద్దులూ ఉన్నాయి. విజయనగరానికి దగ్గరగా, విశాఖకు నలభై అయిదు కిలోమీటర్ల దూరంలో, పదహారో నంబరు జాతీయ రహదారి పక్కనే చదునైన నేల కనిపించింది. కేంద్రంలో పౌర విమానయాన మంత్రిగా అప్పుడు విజయనగరం రాజకుటుంబీకులు అశోక్ గజపతిరాజు ఉన్నారు. 2024 నుంచి అదే కుర్చీలో శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు ఉన్నారు. వలసలకు తప్ప వార్తలకెక్కని ఈ రెండు జిల్లాల నుంచీ విమానాల మంత్రులు రావడం ఒక విశేషమే.

అభివృద్ధి మంచిదా చెడ్డదా అన్న వాదన ఈ కథనంలోకి తేవడం లేదు. దాని మీద ఇక్కడి టీ దుకాణాల్లో నాకన్నా బాగా మాట్లాడగలరు. నాకు కనిపించింది ఆ ఎదురుచూపు పొడుగు.

మొదట వినిపించిన అంకె పదిహేను వేల ఎకరాలు. జనం రోడ్డెక్కారు. అంకె అయిదు వేల పైచిలుకుకు దిగింది. ఆ తర్వాత రెండు వేల ఏడొందల చిల్లరకు, అక్కడి నుంచి రెండు వేల రెండొందల చిల్లరకు వచ్చింది. కాగితం మీద ఇది తగ్గుదలే. సర్వే నంబరున్న రైతుకు మాత్రం ఇది హద్దు గీత జరగడం. నిన్న గీత లోపలున్న కళ్ళం ఇవాళ బయట, నిన్న బయటున్న పొరుగువాడి తోట ఇవాళ లోపల. 2019 ఫిబ్రవరి 14న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు శంకుస్థాపన చేశారు. ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది. 2020 జూన్‌లో జీఎంఆర్ సంస్థతో ఒప్పందం కుదిరింది. 2023 మే 3న ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి రెండోసారి శంకుస్థాపన చేశారు. 2026 జనవరి 4న పరీక్ష కోసం మొదటి విమానం కొత్త రన్‌వే మీద దిగింది. కబురుకీ చక్రాలు నేల తాకడానికీ మధ్య పదేళ్ళు దాటాయి.

ఈ పదేళ్ళను చెట్టు లెక్కలో చూడాలి. సరుగుడు నాటితే కోతకు నాలుగైదేళ్ళు. జీడిమామిడి అంటు మూడో ఏట కాపు మొదలెట్టినా గిట్టుబాటయ్యే జీడిపిక్కలు రాలడానికి ఇంకొన్నేళ్ళు పడుతుంది. దేశవాళీ కొబ్బరి మొక్క ఆరేడేళ్ళకు గాని గెల వేయదు. వచ్చే ఏడాదికి ఈ నేల తనదో కాదో తెలియనివాడు ఏ మొక్క నాటుతాడు? హుద్‌హుద్‌కు పడిన కొబ్బరి స్థానంలో 2015లో మొక్క పెట్టి ఉంటే 2022కు గెలలు దించుకునేవాడు. పెట్టకపోతే ఖాళీ గొయ్యి మిగిలింది. పెట్టినవాడిని చూసి పరిహారం కోసం పెట్టాడన్నారు. పెట్టనివాడిని చూసి నేల మీద ఆశ వదులుకున్నాడన్నారు. బావి పూడిక తీయించాలా, ఇంటికి ఇంకో గది వేయాలా, పిల్లకి పొలం రాసిస్తామని సంబంధం ఖాయం చేసుకోవాలా? ప్రతి ప్రశ్నకూ జవాబు ఆ గీత దగ్గరే ఆగింది.

భూసేకరణలో చెట్లను లెక్కపెట్టే తీరు చూసినవాళ్ళకు ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. కాయ కాసే చెట్టు ఉద్యానశాఖ లెక్క, కలప చెట్టు అటవీశాఖ లెక్క, ఇల్లూ బావీ ప్రహరీ ఇంజనీర్ల లెక్క. తాత నాటిన చెట్టు, పెళ్ళినాడు నాటిన చెట్టు అన్న తేడా ఏ కాగితంలోనూ ఉండదు, ఉండే వీలూ లేదు. చెట్టు వయసు, రకం, కాపు, ధర. ఆ రాసుకునే మనిషి వెళ్ళిపోయాక రైతు ఆ చెట్టుకు నీళ్ళు పెట్టాలా మానాలా?

రాయి కింద పాము

ఇలా ఎటూ తేలని స్థితి మీదే 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. నలభై అయిదు మందిని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి తెర మీద రాళ్ళు చూపించారు. ఈ రాయి కింద పాము ఉందా లేదా చెప్పాలి. పాముంటే చేతికి చిన్న కరెంటు షాకు తగులుతుంది. చెమటనూ కంటిపాపనూ కొలిచారు, ఎంత ఒత్తిడిగా ఉందో నోటితోనూ చెప్పించారు. షాకు ఖాయమని తెలిసినప్పటికంటే, తగులుతుందో లేదో సగం సగం అనుకున్నప్పుడే ఒత్తిడి ఎక్కువగా కనిపించింది. దెబ్బ ఖాయమైతే ఒళ్ళు కాచుకుంటుంది. సగం సగమైతే ఎటు కాచుకోవాలో దానికి తెలియదు.

ఇది తెలుసుకోవడానికి ఉత్తరాంధ్ర తీరానికి లండన్ అక్కర్లేదు. 2018 చివర్లో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు ఇరవైమందికి పైగా పాకిస్తాన్ గస్తీ దళాలకు చిక్కారు. వాళ్ళలో చాలామంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి వచ్చారు. ఆ పదమూడు నెలలు ఇక్కడి ఆడవాళ్ళు ఎలా గడిపారో ఎవరూ కొలవలేదు. శిక్ష ఇన్నేళ్ళని చెప్పి ఉంటే ఏడ్చి, లెక్కపెట్టుకుని, పనిలో పడేవాళ్ళు. వాళ్ళకు దొరికింది రోజుకో వదంతి.

అదే జాలరి కుటుంబం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధాన్ని మాత్రం పెద్దగా గొణక్కుండా దాటేస్తుంది. అరవై ఒక్క రోజులు రాబడి లేకపోవడం చిన్న దెబ్బేమీ కాదు. ప్రభుత్వమిచ్చే భృతి 2025లో ఇరవై వేలకు పెంచినా అది అందరి ఇల్లూ గడవడానికి చాలదు. అయినా గాభరా ఉండదు. ఎందుకంటే క్యాలెండర్‌లో ఆ రెండు తేదీలూ ఉంటాయి. వల అల్లుకోవడం, పడవకు రంగేయడం, పెళ్ళిళ్ళు, అమ్మవారి పండగ అన్నీ ఆ రెండు నెలల్లోకి సర్దుకుంటాయి.

మార్పుకు తట్టుకోవడమనే గుణం కొందరికి పుట్టుకతో వచ్చే వరమని, మిగిలినవాళ్ళు నేర్చుకోవాలని వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చెబుతుంటాయి. వాటిలో బాగా అమ్ముడుపోయింది 1998లో వచ్చిన స్పెన్సర్ జాన్సన్ చిన్న పుస్తకం, ‘హూ మూవ్డ్ మై చీజ్?’. ఎలుకలు చీజ్ వెతుక్కుంటూ పోతాయి, మనుషులు కూర్చుని విలపిస్తారు. విలపించడం మాని పరుగెత్తమన్నది నీతి. చీజ్ ఎవరు తీశారన్న ప్రశ్న అట్ట మీదే ఉంది, లోపల జవాబు మాత్రం లేదు. భోగాపురంలో ఆ పుస్తకం పంచితే మొదట వచ్చే ప్రశ్న అదే.

నాలుగూళ్ళు, రెండు కాలనీలు

రన్‌వే హద్దుల్లో పడ్డ మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఖాళీ అయ్యాయి. సుమారు నాలుగొందల కుటుంబాలు పోలిపల్లి, లింగాలవలస దగ్గర కట్టిన పునరావాస కాలనీలకు మారాయి. దూరం చూస్తే కొద్ది కిలోమీటర్లే. దేశం కాని దేశం పోలేదు కదా అని ఓదార్చినవాళ్ళు చాలామందే ఉంటారు.

1967లో అమెరికా వైద్యులు హోమ్స్, రాహే కలిసి జీవితంలో వచ్చే నలభై మూడు మార్పులకు మార్కులు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి నూరు. పెళ్ళికి యాభై, అంటే సంతోషానికీ ఒళ్ళు రుసుము చెల్లిస్తుందన్నమాట. ఇల్లు మారితే ఇరవై. ఇక్కడిదాకా చూస్తే ఓదార్చినవాళ్ళదే నిజం. కాని ఊరు కదిలినప్పుడు కదిలేది ఇల్లొక్కటే కాదు. రాబడిలో మార్పుకు ముప్ఫై ఎనిమిది, వృత్తి మారితే ముప్ఫై ఆరు, బతుకు తీరు మారితే ఇరవై అయిదు, పిల్లల బడి మారితే ఇరవై, నలుగురితో కలిసే తీరు మారితే పద్దెనిమిది. వాళ్ళు చర్చికి వెళ్ళడంలో మార్పుకిచ్చిన పంతొమ్మిదిని మనం గ్రామదేవత గుడికి రాసుకుందాం. కూడితే నూట డెబ్భై ఆరు. నూటయాభై దాటితే జబ్బు పడే అవకాశం పెరుగుతుందని ఆ పట్టిక చెబుతుంది. అమెరికా నగరవాసుల కోసం వేసిన మార్కులు మన పల్లెకు అతకవనేవారున్నారు, నిజమే. మన దగ్గర గుడికీ ఇరుగుపొరుగుకూ ఇంకా ఎక్కువే పడాలి.

పాత ఊళ్ళో వంటచెరుకు సరుగుడు తోటలో ఏరుకొచ్చేది. మేకకు మేత గట్టు మీద దొరికేది. తాటిపండో, గెడ్డలో చేపో, ఎండబెట్టిన కొబ్బరిమట్టో డబ్బు లేకుండా ఇంటికొచ్చేవి. సెంటు భూమి లేని కూలి మనిషికి ఇవే ఆస్తి. దీనికి సర్వే నంబరుండదు. కాలనీలో సిమెంటు రోడ్డుంది, కొళాయి ఉంది, కరెంటుంది. గ్యాస్ బండ కొనాలి, పశుగ్రాసం కొనాలి, కూర కొనాలి. రొక్కం చేతిలో ఉన్న మొదటి ఏడాది ఈ తేడా తెలియదు. విస్థాపన మీద ప్రపంచబ్యాంకులో ఏళ్ళ తరబడి పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త మైఖేల్ సెర్నియా నిర్వాసితులు పేదలైపోయే దారులు ఎనిమిదని చెప్పారు. భూమి, పని, ఇల్లు పోవడంతో పాటు ఉమ్మడి వనరులు చేజారడాన్నీ, నలుగురి అల్లిక తెగిపోవడాన్నీ ఆ లెక్కలో వేశారు.

అల్లిక అంటే ఏమిటో చూడాలంటే పురుడొచ్చిన ఇంటికి అర్ధరాత్రి ఎవరు పరుగెత్తుకొస్తారో చూడాలి. పాత ఊళ్ళో అది గోడ అవతలి పిన్ని. కాలనీలో స్థలాలు లాటరీతోనో వరస నంబర్లతోనో ఇస్తే పిన్ని నాలుగో వీధికి పోతుంది. అక్కాచెల్లెళ్ళ ఇళ్ళు, పాత పొరుగు ఇళ్ళు పక్కపక్కనే వచ్చేలా ఇవ్వడానికి అదనంగా ఒక్క రూపాయి ఖర్చుండదు. పదిమందిని కూర్చోబెట్టి అడిగే ఓపిక ఉంటే చాలు.

కొత్త ఇంట్లో పాత అలవాట్లు చూసి నవ్వేవాళ్ళు ఉంటారు. మార్బుల్ గచ్చుండగా వాకిట్లో పేడనీళ్ళు చల్లుతోందనీ, స్టౌ ఉండగా పెరట్లో కట్టెల పొయ్యి పెట్టిందనీ, మిక్సీ పక్కనే రోలు తెచ్చిందనీ. ఆఫ్రికాలో జాంబెజీ నది మీద కరీబా ఆనకట్ట కట్టినప్పుడు యాభై ఏడు వేల మంది గ్వెంబే టోంగా జనం ఊళ్ళు ఖాళీ చేశారు. ఊళ్ళు ఉన్నప్పుడే, 1956 నుంచే, ఎలిజబెత్ కాల్సన్, థేయర్ స్కడర్ అనే ఇద్దరు పరిశోధకులు వాళ్ళ మధ్య ఉండి చూశారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు వెళ్తూనే ఉన్నారు. వాళ్ళు గమనించిన సంగతేమిటంటే, తరలిన మొదటి ఏళ్ళలో జనం మారాల్సిందానికంటే వీసమెత్తు ఎక్కువ మారరు. తెలిసిన మనుషుల్నీ తెలిసిన పంటనీ తెలిసిన పూజనీ గట్టిగా పట్టుకుంటారు. అది వెనకబాటుతనం కాదు. అన్నీ కదులుతున్నప్పుడు కదలనిది ఒక్కటైనా ఉంటే తప్ప మనిషి రెండో అడుగు వేయలేడు. కొన్నేళ్ళకు ఆ పట్టు తనంతట తనే సడలి, కొత్త పంటలూ కొత్త పనులూ మొదలవుతాయి. కాలనీలో ఆ రోలును ఉండనివ్వండి.

రంగం పోయినవాళ్ళ మనవలు

సర్దుకుపోవడం ఈ నేలకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. తెల్లదొరల కాలంలో విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి ఓడలెక్కి రంగం, అంటే బర్మా, పోయినవాళ్ళు వేలకు వేలు. అక్కడి రేవుల్లో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో చేశారు. 1930 మేలో రంగూన్‌లో తెలుగు హమాలీల మీద దాడులు జరిగాయి. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి కాలినడకన వెనక్కి తిరిగారు. తిరిగొచ్చి మళ్ళీ చోడంబలి తాగి కళ్ళాల్లో పని వెతుక్కున్నారు. వాళ్ళ మనవలే ఇవాళ హైదరాబాద్‌లో ఇళ్ళ నిర్మాణ పనులకో, వెరావల్ పడవల్లో వేటకో పోతున్నది.

ఈ వలసల్లో మన పూర్వులు ఒక పద్ధతి పాటించారు. ఇంటిల్లిపాదీ ఒకేసారి కదలరు. ఒకరు రేవుకు, ఒకరు పొలానికి, ముసలివాళ్ళు ఇంటి దగ్గర. ఒక రాబడి ఎండితే రెండోది. ఒంటి రాబడి మీద బతికే ఉద్యోగి కుటుంబానికి లేని దన్ను ఇది. భోగాపురంలో నేల పోవడం వల్ల తెగింది సరిగ్గా ఈ రెండో తాడే. రొక్కం దాన్ని పూడ్చలేదు. రొక్కం ఒకసారే వస్తుంది, పైగా నలుగురికీ తెలిసేలా వస్తుంది. ఎన్నడూ రాని చుట్టం వస్తాడు. కారు అమ్మేవాడు, చిట్టీ కట్టించేవాడు, రెట్టింపు చేస్తానన్నవాడు వస్తారు. పుట్టింటి భూమిలో వాటా అడిగిన ఆడపడుచుతో మాటలు ఆగిపోతాయి. ఆమెకు ఆ హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే ఉన్నా, నేల నేలగా ఉన్నన్నాళ్ళూ ఎవరికీ గుర్తు రాలేదు. పెద్ద మార్పు వచ్చిన ఏడాదిలో పెద్ద నిర్ణయం తీసుకోకపోవడమే మేలు. డబ్బును ఏడాదిపాటు బ్యాంకులో మురగబెడితే పోయేది కొంత వడ్డీ తేడా. తొందరపడితే పోయేది మొత్తం.

నెమ్మది అంటే ఏ కదలికా లేకుండా కూర్చోవడమని ఈ తీరంలో ఎవరూ అనుకోరు. తుపాను వేళ చేసే పనినే చిన్నగా చేసుకోవచ్చు. కాగితాలన్నీ ఒకచోట పెట్టుకోవడం, వాట్సాప్‌లో వచ్చిన ధరనూ తహసీల్దారు కార్యాలయంలో అంటించిన కాగితాన్నీ వేరు చేసి చూడటం, పిల్లల బడి సమయం మారకుండా చూడటం, సాయంత్రం పూట పాత పొరుగువాళ్ళను కలవడం. వీటిలో ఏదీ గొప్ప విద్య కాదు. నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, సారా వైపు చెయ్యి ఎక్కువగా పోవడం వారాల తరబడి సాగితే మాత్రం దాన్ని దిగులని వదిలేయకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

గడువులు చట్టంలోనే ఉన్నాయి

ఇంతా చెప్పి బరువంతా మళ్ళీ రైతు నెత్తినే పెట్టడం అన్యాయం. 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన భూసేకరణ చట్టాన్ని తిరగేస్తే పరిహారం కంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి అందులోని గడువులు. సామాజిక ప్రభావ అధ్యయనం ఆరు నెలల్లో పూర్తి కావాలి. దాన్ని స్థానిక భాషలో పంచాయతీలో పెట్టాలి, సభ జరిపి జనం మాట వినాలి. ప్రాథమిక నోటీసు తర్వాత పన్నెండు నెలల్లో తుది ప్రకటన రావాలి, ఆ తర్వాత పన్నెండు నెలల్లో అవార్డు ఇవ్వాలి. అవార్డు నాటి నుంచి పరిహారానికి మూడు నెలలు, పునరావాసపు నగదుకు ఆరు నెలలు, కాలనీ వసతులకు పద్దెనిమిది నెలలు. భూమి లేకున్నా మూడేళ్ళుగా ఆ నేల మీదే కూలో కౌలో చేసి బతుకుతున్న కుటుంబమూ నష్టపోయిన కుటుంబమే. ప్రతి కుటుంబానికీ ఒక ఉద్యోగం, లేదా అయిదు లక్షలు, లేదా ఇరవై ఏళ్ళపాటు నెలనెలా భృతి. చావడికీ శ్మశానానికీ గుడికీ పశువుల మేతకూ స్థలం చూపాలని మూడో షెడ్యూలు చెబుతుంది.

గడువులు పొడిగించే వీలు ప్రభుత్వాలకు చట్టమే ఇచ్చింది. ఆ వీలు వాడుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు మొక్క నాటడం మానుకుంటారు, పిల్ల పెళ్ళి వాయిదా వేస్తారు. ఆ నష్టానికి పరిహారం కాలమ్ లేదు.

విమానం దిగాక కథ ముగిసిపోదు. విశాఖ నుంచి భోగాపురం దాకా సముద్రం వెంబడి రోడ్డు మాట ఉంది. హోటళ్ళ మాట, గోదాముల మాట, కొత్త పట్టణం మాట ఉన్నాయి. ఇవాళ గీత బయటున్న ఊళ్ళకు రేపు సభ ఉన్నట్టు దండోరా వేయిస్తారు. ఆ సభకు వచ్చే అధికారిని అందరూ ఎకరా ధర అడుగుతారు, అడగాలి కూడా. దాంతోపాటు గీత ఏ నెలలో ఖాయమవుతుందో, ఖాయమయ్యాక మళ్ళీ జరగదని ఎవరు సంతకం పెడతారో, ఈ వానాకాలం మొక్క నాటుకోవచ్చో లేదో అడిగి, జవాబును మినిట్స్ పుస్తకంలో రాయించుకోవాలి.